వెనక గేటు దగ్గర కూర్చున్నాం

పోయిన శుక్రవారం ఇక్కడ కువైట్‌లో, ఖైతాన్‌లో ఉండే మా ఊరివాళ్ల గదికి భోజనానికి వెళ్లాను. ఎగైలాలో నేను వంట చేసే ఇంటివాళ్లు వారానికి ఒక పూట సెలవిస్తారు. ఆ పూట బస్సెక్కి ఖైతాన్ చేరి, మన మాట మాట్లాడే నలుగురి మధ్య కూర్చుని, ఇంకొకరి చేతి అన్నం తింటే గాని నాకు వారం గడిచినట్టుండదు. భోజనాలయ్యాక ఒక పిల్ల, నాకు మేనకోడలి వరస, ఫోన్‌లో ఏదో చూస్తూ నవ్వుతుంటే నేనూ తొంగి చూశాను. అమెరికాలో ఏదో కాలేజీ పచ్చికలో చదువుకునే పిల్లలు చేతులు పెనవేసుకుని కూర్చుంటే, పోలీసులు ఒక్కొక్కరినీ కాళ్లూ భుజాలూ పట్టి ఎత్తుకుపోతున్నారు. ఒక్కరూ తిరగబడటం లేదు. ఒకమ్మాయి కళ్లు మూసుకుని పెదవులు కదుపుతోంది.

"తిన్నది అరగక చేస్తాండారత్తా. మా మాదిరి తెల్లారక ముందే లేసి గిన్నెలు తోమితే తెలిసొస్తాది" అంది ఆ పిల్ల.

గదిలో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు సరిగదా, కోపమొచ్చింది. మేమూ అట్లే కూచున్నాం మేయ్, ఈ కువైట్‌లోనే, అన్నాను. ఎవరూ నమ్మలేదు. ఈ దేశంలో పనికొచ్చిన ఆడది కూర్చోవడమేమిటి, కూర్చుంటే ఉంచుతారా అని వాళ్ల అనుమానం. వాళ్లను తప్పుపట్టను. కానీ నా వయసువాళ్లు, ఈ ఎండల్లో సగం జీవితం కరిగించినవాళ్లు నమ్ముతారన్న ధైర్యంతో ఆ సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

పద్దెనిమిదేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు నలభై దాటాయి. రాయచోటి పక్క పల్లె నుంచి వచ్చి రెండు ఇళ్లలో పని చేసి, ఊరికి పోయి, మళ్లీ ఒక క్లీనింగ్ కంపెనీ వీసా మీద వచ్చాను. ఆ కంపెనీ మమ్మల్ని పదిహేడు మందిని ఒక అమెరికన్ బడికి పంపేది. పొద్దున్నే ఖైతాన్ సందులో బస్సు, సాయంత్రం మళ్లీ అదే బస్సు. బడిలో మాకు ముందు గేటు లేదు. వంటసామాన్లు, చెత్తబండ్లు వచ్చే వెనక గేటే మాది, అది మాకు ఎప్పుడూ తప్పుగా అనిపించలేదు. అలవాటైన అవమానాన్ని మనిషి ఎంత కాలమైనా మోస్తాడు, దాని బరువు కూడా తెలియదు.

నా వంతుకు లైబ్రరీ వచ్చింది. అక్కడ ఒక అమెరికన్ ఆవిడ పుస్తకాలు చూసుకునేది. అరవై అయిదేళ్లుంటాయేమో, పొడుగ్గా, సన్నగా, తెల్లజుట్టు కొప్పు పెట్టుకుని ఉండేది. నేను తుడవడానికి వెళితే తన కుర్చీ తానే జరుపుకుని లేచి నిలబడేది. ఆ బడిలో నన్ను పేరుపెట్టి పిలిచిన మొదటి మనిషి ఆమె. పిల్లలు పిలిచినట్టే నేనూ ఆమెను మిస్ అనేదాన్ని. ఇళ్లలో పనిచేస్తూ నేర్చుకున్న నా ఇంగ్లీషు, ఆమెకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలు, మిగతాది చేతులతో. ఆ మూడింటితో మేము రెండేళ్లు కబుర్లు చెప్పుకున్నాం.

ఆమె బల్ల మీద ఒక పాత నలుపు తెలుపు ఫొటో ఉండేది. పొడుగాటి బల్ల ముందు ఎత్తు కుర్చీల మీద పడుచువాళ్లు నలుగురు వరసగా కూర్చుని ఉన్నారు, ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు. వెనక గుంపు పళ్లికిలిస్తోంది. ఒక తెల్లమ్మాయి తల మీద, భుజాల మీద తెల్లగా ఏదో రాలి ఉంది. చాలా రోజులు చూసి, ఒకనాడు ఉండబట్టలేక, మిస్, ఇది మీ పెళ్లా, మా వైపు కూడా పెళ్లిలో తల మీద బియ్యం పోసుకుంటాం అన్నాను. ఆమె కళ్లజోడు తీసి పక్కన పెట్టి, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వడం అయ్యాక చెప్పింది, అది చక్కెర అని, ఎవరో వెనక నుంచి డబ్బా మొత్తం గుమ్మరించారని, ఆ పిల్ల తానేనని.

ఆ రోజుల్లో వాళ్ల దేశంలో దక్షిణాన నల్లవాళ్లు అంగట్లో సరుకు కొనుక్కోవచ్చు గాని, అదే అంగట్లో బల్ల ముందు కూర్చుని కాఫీ తాగకూడదట. ఆమె చెబుతుంటే నాకు మా ఊరి టీ అంగడి గుర్తొచ్చింది. గోడకు కొట్టిన మేకులకు వేరే గ్లాసులు వేలాడుతుండేవి. అవి ఎవరి కోసమో చిన్నప్పుడే తెలుసు. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. ఆ మాట ఆమెకు చెప్పడానికి నాకు సిగ్గేసింది, అయినా చెప్పాను. ఆమె తిట్టలేదు, జాలిపడలేదు. తన ఇరవయ్యో ఏటి దాకా తానూ అడగలేదంది.

ఆ తర్వాత బడి గంట కొట్టాక నేను అరలు తుడిచే అరగంటలో, నెలల తరబడి, కొంచెం కొంచెంగా ఆమె కథంతా విన్నాను. ఆమె తండ్రి పల్లెటూరి చర్చిలో పాస్టరు. పొరుగువాణ్ణి ప్రేమించమని ప్రతి ఆదివారం చెప్పిన మనిషే, కూతురు నల్లవాళ్ల పక్కన కూర్చుందని తెలిసి ఇంటి తలుపు వేసుకున్నాడు. నువ్వు చెప్పిందే చేశాను నాన్నా అని ఆమె బయటి నుంచి అందట. తలుపు తెరుచుకోలేదు. నల్లవాళ్ల చర్చి కింద నేలమాళిగలో వాళ్లంతా సాధన చేసేవారట. కొందరు రౌడీల్లా నటించి జుట్టు లాగడం, మొహాన పొగ ఊదడం, నోటికొచ్చినట్టు తిట్టడం. కొందరు కదలకుండా కూర్చోవడం. చెయ్యెత్తినవాళ్లను, ఎదురు తిట్టినవాళ్లను ఇంకా సిద్ధం కాలేదని పక్కన పెట్టేవారట. బయల్దేరే ముందు ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని, అందరూ మోకరిల్లి, జైల్లో పనికొస్తుందని జేబులో పళ్లు తోముకునే బ్రష్ పెట్టుకుని నడిచేవారట. ఈ పద్ధతంతా మీ దేశంలో ఉప్పు కోసం సముద్రం దాకా నడిచిన ముసలాయన దగ్గర నేర్చుకున్నదేనని ఆమె అంటే, ఆయన బొమ్మను నోట్ల మీద తప్ప ఇంకెక్కడా పట్టించుకోని నేను తల దించుకున్నాను.

ఆ తర్వాత వియత్నాం యుద్ధం వచ్చింది. ఆమె స్నేహితుల్లో ఒకతను, పాస్టరూ పాటా లేకుండా ఊరికే మౌనంగా కూర్చుని దేవుడి కోసం ఎదురుచూసే ఒక క్రైస్తవ శాఖలో పెరిగినవాడు, చంపడం నాకు చేతకాదని చెప్పి సైన్యానికి పోకుండా జైలుకు పోయాడట. పుస్తకాలు రాసినవాళ్లు అదంతా రాజకీయమన్నారు, చట్టాల కోసం పోరాటమన్నారు. అది అబద్ధం కాదు గాని, నేను చూసినంతలో అది మోకాళ్ల మీద మొదలైంది, ఆ సంగతి అందరూ మరిచిపోయారు అనేది ఆమె. మరి ఏమైందని అడిగితే మాత్రం గొంతు తగ్గిపోయేది. దెబ్బలు ఎక్కువయ్యాయి, నాయకులను కాల్చి చంపారు, కోపం ప్రార్థనను మింగేసింది. పక్కపక్కన మోకరిల్లినవాళ్లే ఒకరినొకరు ద్రోహి అనుకునేదాకా వచ్చింది. ఒక స్నేహితుడు తాను చేస్తున్న బాంబు చేతిలోనే పేలి పోయాడు. ఆ రోజు నుంచి తాను ప్రార్థించలేదని, దేశాలు తిరుగుతూ పిల్లలకు కథలు చదివి వినిపించడమే తన పని అయిందని చెప్పింది.

ఇదంతా నేను పరాయి దేశపు కథలాగే విన్నాను, ఆ వేసవి వచ్చేదాకా.

మే నెలలో ఈతకొలను గదిలో ఒక టీచరు బంగారు గొలుసు పోయింది. మరుసటి రోజు నుంచి వెనక గేటు దగ్గర ఒక బల్ల వేశారు. పని ముగించుకుని వచ్చే మమ్మల్ని వరసగా నిలబెట్టి, సంచులు తెరిపించి, టిఫిన్ డబ్బాల మూతలు తీయించి, కొప్పులు విప్పించి, కాపలా ఆడమనిషి ఒళ్లంతా తడిమేది. ఒక పక్క బస్సు డ్రైవర్లు, ఒక పక్క ఆటలాడి ఆలస్యంగా పోయే పిల్లలు చూస్తుండేవారు. మమ్మల్ని తప్ప ఆ బడిలో ఎవరినీ వెతకలేదు. ఈతకొలను గది తుడిచేది మా చిన్నమ్మ కూతురు, ఇరవై ఆరేళ్ల పిల్ల, నేనే నచ్చజెప్పి పిలిపించుకున్నదాన్ని. దాన్ని వేరే గదిలోకి తీసుకుపోయి గంటసేపు ఉంచారు. ఆ గదిలో ఏం జరిగిందో అది ఇవాళ్టికీ చెప్పలేదు. నేనూ అడగలేదు. వీసా క్యాన్సిల్ చేసి పంపిస్తారన్న మాట మాత్రం బయటికి వచ్చింది. అది రెండు రోజులు అన్నం ముట్టలేదు.

"నువ్వు గూడ నన్ను దొంగ అనుకుంటాండావా అక్కా?" అని అడిగింది మూడో రోజు.

నేను జవాబు చెప్పేలోపలే తలకాయ గోడవైపు తిప్పేసుకుంది. ఆ తిప్పుకోవడం చూసి నాలో ఏదో తెగింది. మర్నాడు లైబ్రరీకి పోయి, మిస్, మీరు ఎట్ల కూర్చున్నారో మాకు నేర్పండి అన్నాను.

ఆమె ఒప్పుకోలేదు. ప్రిన్సిపాల్‌తో మాట్లాడానని, అది కంపెనీ వ్యవహారమని ఆయన చేతులు దులుపుకున్నాడని చెప్పింది. తమది తమ దేశమని, జైలుకు పోయినా మళ్లీ తమ వీధికే వచ్చారని, మాకు అలా కాదని, ఒక్క సంతకంతో అంతా ఖలాస్ అవుతుందని, అది తెలిసి తాను నేర్పితే అది పాపమని అంది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ నాకు మండిపోయింది.

"మీరు ఆ పొద్దు ఎవర్నడిగి కూచున్నారు మిస్?" అన్నాను.

ఆమె లేచి తలుపు వేసి వచ్చి, ఆ వయసులో, పుస్తకాల అరల మధ్య నేల మీద కూర్చుంది. చేతులు ఎలా పట్టుకోవాలో, ఎవరైనా ఈడ్చితే ఒళ్లు ఎలా వదిలెయ్యాలో, తిడుతున్నవాడి కళ్లల్లోకి కోపం లేకుండా ఎలా చూడాలో చూపించింది. ఒక్కటే మాట గట్టిగా చెప్పింది. పని మానవద్దు, అబద్ధమాడవద్దు, మనసులో పట్టుకోవడానికి ప్రతి ఒక్కరికీ ఏదో ఒకటి ఉండాలి, అది లేకుండా కూర్చుంటే కోపం ఒక్కటే మిగులుతుంది.

ఆ శుక్రవారం ఖైతాన్ గదిలో మేము సాధన చేశాం. గోదావరి వైపు నుంచి వచ్చిన ఒకావిడ, మేమంతా వదినా అని పిలిచేది, సూపర్‌వైజర్‌గా నటించి ఎంత బాగా తిట్టిందంటే ముందు పొట్టచెక్కలయ్యేలా నవ్వి, తర్వాత ఒక్కొక్కరం ఏడ్చాం. ఆ తిట్లన్నీ మేము ఎక్కడో ఒకచోట పడినవే. మనసులో ఏం పట్టుకోవాలన్న మాట వచ్చింది. వదిన ఏసయ్య పేరంది. కడప నుంచి వచ్చిన సాయిబుల ఆవిడ, మా అందరికీ ఆపా, తాను తస్బీ పూసలు తిప్పుకుంటానంది. నాకేం చెప్పాలో తోచలేదు. మా రాయచోటి వీరభద్రస్వామిని తలచుకుందామంటే ఆయనకు ఊరికే కూర్చోవడం తెలియదాయె, ఏకంగా యజ్ఞమే ధ్వంసం చేసిన దేవుడు. అయినా ఆయన్నే పట్టుకున్నాను. ఆయన ఉగ్రాన్నంతా కడుపులో పెట్టుకుని కదలకుండా ఉండమని నన్ను నేనే అడుక్కున్నాను.

ఆదివారం సాయంత్రం గదులన్నీ ఎప్పటికంటే శుభ్రంగా తుడిచి, తలలు దువ్వుకుని, ఉతికిన యూనిఫారాలు వేసుకుని, పదిహేడు మందిలో పదకొండు మందిమి వెనక గేటు లోపల గోడ నీడన చేతులు పట్టుకుని కూర్చున్నాం. వెతికితే అందరినీ వెతకండి, లేకపోతే ఎవరినీ వద్దు అన్నది ఒక్కటే మా మాట. మా సూపర్‌వైజర్ మనవాడే, కరీంనగర్ వైపు మనిషి, పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏందమ్మా గిట్ల గూసున్నరు? లేవుండ్రి, యల్లా! కంపెనీకి దెలిస్తే అందర్ని ఖలాస్ జేస్తరు. నా నౌకరి గూడ పోతది. నాకు ముగ్గురు బిడ్డలున్నరు."

"మేం పని మానేశామాండీ? ఊడ్చాం, తుడిచాం, ఇప్పుడు కూర్చున్నాం. అంతేనండి" అంది వదిన, చెయ్యి వదలకుండా.

అతను తల పట్టుకున్నాడు. కంపెనీ నుంచి కారు వచ్చింది, మా ఇఖామా కార్డులు తీసుకుని నంబర్లు రాసుకున్నారు, రేపు కూర్చున్నవాళ్లు ఎల్లుండి విమానంలో ఉంటారని చెప్పారు. రెండు గంటల తర్వాత బస్సెక్కించారు. మరునాటికి అయిదుగురు తగ్గిపోయారు. వాళ్ల మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. ఆరుగురం మిగిలాం. మా చెల్లెలు మధ్యలో కూర్చుంది. ఆ రోజు గాలి లేదు, గోడ కూడా సెగలు కక్కుతోంది. సూపర్‌వైజర్ ఒక నీళ్లసీసాల పెట్టె తెచ్చి మా పక్కన దించి, "నేను మిమ్ములను జూడలే" అని మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు వచ్చింది మిస్. టీచర్లు ఎన్నడూ ఆ వెనక గేటు వైపు రారు. ఆమె తన సంచి భుజాన వేసుకుని నేరుగా ఆ బల్ల దగ్గరికి పోయి, సంచిని తలకిందులు చేసి అంతా కుమ్మరించింది. కళ్లజోడు పెట్టె, బీపీ మాత్రలు, సగం తిన్న రొట్టె, దువ్వెన, చిరిగిన ఒక రుమాలు. నన్ను కూడా వెతకండి, నేనూ ఈ బడిలోనే పని చేస్తాను అంది. కాపలా ఆడమనిషికి చేతులు ఆడలేదు. మిస్ చేతులెత్తి కొప్పులోని పిన్నులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. తెల్లని జుట్టంతా వీపు మీద పడింది. అప్పటిదాకా మమ్మల్ని చూసి నవ్వుకునే డ్రైవర్లు తలలు దించుకున్నారు. ఎవరూ ఆమెను ముట్టుకోలేదు. ముట్టుకోకపోయేసరికి, సరే, అయితే నేనూ వీళ్లతో ఉంటాను అని, మోకాళ్లు పట్టేస్తుంటే గోడ పట్టుకుని, నా పక్కన కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది. కాసేపటికి పెదవులు కదలడం చూశాను. ప్రార్థించను అన్న మనిషి కదా అని తర్వాత అడిగితే, నేను పిలవలేదు, అదే వచ్చింది, మా నాన్న నేర్పిందే అని చెప్పింది.

మంగళవారం ఆమె వెంట ఇంకా ఇద్దరు వచ్చారు, అరబ్బీ చెప్పే ఈజిప్టు టీచరు, ఆటలు నేర్పే పిల్ల. ముగ్గురూ సంచులు కుమ్మరించి మా వరసలో కూర్చున్నారు. బుధవారం మేము పని ముగించుకుని వచ్చేసరికి వెనక గేటు దగ్గర బల్ల లేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు. క్షమించమనలేదు. గొలుసు దొరకనేలేదు. మా చెల్లెలి క్యాన్సిల్ కాగితం మాత్రం రాలేదు. ఆ సాయంత్రం అది బస్సులో నా పక్కన కూర్చుని, నా టిఫిన్ డబ్బా లాక్కుని, మిగిలిన చిత్రాన్నమంతా తినేసింది. నేను ఆ రోజు దేన్నైనా గెలిచానంటే అదే.

దాని వెల కూడా చెప్పాలి, లేకపోతే కథ చెప్పినట్టుంటుంది. జూన్‌లో బడి మూసే ముందు కొత్త ఏడాదికి ఉంచుకునేవాళ్ల జాబితాలో నా పేరు లేదు, వదిన పేరు లేదు. మిస్ కాంట్రాక్టు కూడా పొడిగించలేదు. ఆమెను సాగనంపడానికి విమానాశ్రయానికి పోయే వీలు నాకు లేదు, లైబ్రరీలోనే చివరిసారి చూశాను. నేను అరలు తుడవబోతే గుడ్డ లాక్కుని, ఇవాళ నువ్వు కూర్చో అని తానే తుడిచింది. కూర్చున్నందుకు నీకు విచారంగా ఉందా అని అడిగింది. లేదు మిస్ అన్నాను. అది నిజం. ఆ తర్వాత ఆమె నుంచి ఒక్క ఉత్తరం వచ్చింది, నేను ఊళ్లో ఉండగా, రెండు వాక్యాలు. తండ్రి సమాధి దగ్గరికి వెళ్లొచ్చానని, అక్కడ చాలాసేపు కూర్చున్నానని. ఇప్పుడు ఉందో లేదో తెలియదు.

నేను రెండేళ్లు ఊళ్లో ఉండి, మళ్లీ ఇంటిపని వీసా మీద వచ్చాను. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, నన్ను ఇంతకుముందు ఎందుకు పంపించారని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె కాసేపు నన్ను ఎగాదిగా చూసి, వంటగది చూపించింది. ఆ ఇంట్లోనే ఉన్నాను.

కాలం చాలా మారింది. ఇప్పటి పిల్లలకు మాకంటే చదువుంది, ధైర్యముంది, ఫోనుంది. అన్యాయం జరిగితే ఆ నిమిషంలోనే వీడియో తీసి పెడతారు, వెయ్యిమంది అయ్యో అంటారు, నాకు ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ వెయ్యిమందిలో ఒక్కరి అరచేతి చెమట కూడా వాళ్లకు తగలదు. మేము తిట్టలేదు, రాయి వెయ్యలేదు, ఎవరి పేరూ బజారున పెట్టలేదు. వేరువేరు దేవుళ్లను మనసులో పట్టుకుని ఒకే గోడకు ఆనుకుని కూర్చున్నాం. బల్ల తీసేసింది వాళ్లే, వాళ్ల చేతులతోనే. అలా పక్కన కూర్చునేవాళ్లు ఇప్పుడు దొరకడం లేదని దిగులుగా ఉంటుంది. నాకు మోకాళ్ల నొప్పులు, కింద కూర్చుంటే లేవడం కష్టం. అయినా ఎవరైనా వచ్చి అక్కా, రేపు కూచుంటాండాం అంటే, ఎక్కడ, ఎన్ని గంటలకు అని మాత్రమే అడుగుతాను.